పలకరించే సంఘం దొరికింది, ఇక సంఘ జీవితంలో ఎలా కలవాలి?

చివరివరుస:
అందరికీ వందనాలు. కొన్ని నెలలుగా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చర్చికి వెళ్తున్నాను. నిజంగా మంచి మనుషులు. తలుపు దగ్గరే చెయ్యి కలుపుతారు, పేరు గుర్తుపెట్టుకుని పిలుస్తారు. పాస్టర్ గారైతే నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లరు.

అయినా ఆరాధన అయ్యాక అందరూ గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటారు. ఎవరి అబ్బాయికి ఇంటర్వ్యూ ఉందో, ఎవరి నాన్నగారికి ఆపరేషన్ అయిందో వాళ్లందరికీ తెలుసు. నేను కాసేపు నవ్వుతూ నిలబడి వచ్చేస్తాను. నన్నెవరూ దూరం పెట్టలేదు. కానీ నేను ఒక ఆదివారం వెళ్లకపోతే అక్కడ ఏ పనీ ఆగదు, నాకు జ్వరం వస్తే ఎవరికీ తెలియదు.

చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినదాన్ని కాదు. బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు. వాక్యం వింటుంటే మాత్రం మనసు అటే లాగుతోంది. కొత్తగా వచ్చి "నాకూ ఏదైనా పని చెప్పండి" అంటే చొరవ ఎక్కువైంది అనుకుంటారేమోనని టెన్షన్. మీరంతా మీ సంఘాల్లో ఎలా కలిశారు? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాపు:
చొరవ అని ఎవరూ అనుకోరమ్మా, అడుగు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "ఏదైనా ఉంటే చెప్పండి" అంటే "తప్పకుండా సిస్టర్" అంటారు, ఆ మాట అక్కడితో అయిపోతుంది. వాళ్లకు మనసు లేక కాదు, నీకు ఏ పని ఇవ్వాలో ఆలోచించడం కూడా వాళ్లకు ఇంకో పని. ఒక మనిషిని చూసుకుని, ఒక పని పేరు చెప్పి, ఒక రోజు చెప్పి అడుగు: "అన్నయ్యా, వచ్చే ఆదివారం కుర్చీలు వేసేటప్పుడు నేనూ వస్తాను, ఎన్నింటికి రమ్మంటారు?" అని. దానికి జవాబు టైమే అవుతుంది.

ఇంకో మాట. ఆరాధన అయ్యాక కలుద్దామనుకుంటే కష్టం. అప్పుడు ఎవరి ఇంటి తొందర వాళ్లది. ఆరాధనకు ముందు అరగంట చూడు. మైకులు సర్దేవాళ్లు, పాటల పుస్తకాలు పెట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, మహా అయితే ఆరేడుగురు ఉంటారు. చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మా సంఘంలో నాకు దగ్గరైనవాళ్లందరూ ఆ అరగంటలో పరిచయమైనవాళ్లే.

తలుపుదగ్గర:
మా చర్చిలో ఆహ్వానించే టీములో ఉంటాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. తలుపు దగ్గర నిలబడేవాళ్లం మీతో మాట్లాడుతూనే మీ వెనక వచ్చేవాళ్లను చూస్తుంటాం. ఆ చెయ్యి కలపడంలో ప్రేమ నిజమే, కానీ అది స్నేహం మొదలయ్యే చోటు కాదు. మీతో కూర్చునేంత టైం అక్కడ ఉండదు.

మీ పేరు చూస్తే వెనకాల కూర్చుంటారనిపిస్తోంది. వెనకే కూర్చోండి, తప్పేం లేదు. కానీ ప్రతివారం అదే చోట కూర్చోండి. కొన్ని వారాలకు మీ ముందువాళ్లు, పక్కవాళ్లు మీకు ఖాయమైపోతారు. మా టీములో కొత్తవాళ్లకు మేము నేర్పే మొదటి సంగతి, "మీరు కొత్తవారా?" అని అడగవద్దని. ఆ మనిషి ఏళ్ల తరబడి వస్తున్నవారైతే ఎంత నొచ్చుకుంటారో! "మనం ఇంతకుముందు మాట్లాడుకున్నట్టు లేదండి, నా పేరు ఫలానా" అంటే ఎవరికైనా సరిపోతుంది. మీరు కూడా పక్కవాళ్లతో ఇదే మాటతో మొదలుపెట్టొచ్చు.

చదువరి:
అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఒకసారి చదవండి సిస్టర్. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు దానికి ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, నీకొలాసు... ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరి వైపు నుంచి ఫిర్యాదు వచ్చిందో, పంపకం బాధ్యతను చాలావరకు వాళ్ల మనుషుల చేతికే ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఏడుగురిలో నీకొలాసైతే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదా మతంలో కలిసినవాడు. పక్కన పడిపోయామని బాధపడినవాళ్లకు ఆ సంఘం ఓదార్పు మాటలు చెప్పి ఊరుకోలేదు, పని అప్పగించింది. సంఘం ఎవరినైనా నిజంగా చేర్చుకుందా అని తెలుసుకోవడానికి నేను చూసేది ఇదే.

ఇంకొకటి 9వ అధ్యాయంలో. తర్వాత పౌలుగా పేరుపొందిన సౌలు అంతకుముందు విశ్వాసులను హింసించినవాడు. అతను యెరూషలేము వచ్చి శిష్యులతో కలవాలని చూస్తే అందరూ భయపడ్డారు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి, జరిగిందంతా చెప్పాడు. అంతటి పౌలుకే ఒకరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాల్సి వచ్చింది. మీ సంఘంలో అలాంటి మనిషి ఒకరు తప్పక ఉంటారు. అందరినీ ఎరిగి, ఒకరిని ఇంకొకరికి పరిచయం చేయడంలో సంతోషపడే మనిషి. సాధారణంగా స్టేజీ మీద కనిపించరు. ముందు వాళ్లను పట్టుకోండి.

నిమ్మళం:
అందరూ పని పని అంటుంటే కొంచెం అడ్డు చెప్పాలనిపించింది, ఏమీ అనుకోకండి. నేను అమ్మను చూసుకుంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారం ఆ గంటన్నర ఒక్కటే నాకు కూర్చునే టైం. వచ్చిన కొత్తలో ప్రతి ఒక్కరూ "క్వయర్‌లోకి రా, సండే స్కూల్‌కి రా" అంటుంటే నిజంగా ఊపిరాడలేదు. పనిచేస్తేనే స్థానం అన్నట్టు వినిపిస్తే, అలసిపోయి వచ్చేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింది, ఆయన ఆమెను లేవమనలేదు కదా. సిస్టర్, మీకు ఇంకా బాప్తిస్మం కాలేదన్నారు. ముందు తీరిగ్గా వినండి, ప్రార్థన నేర్చుకోండి. చర్చి ఆఫీసు కాదు.

పాతకాపు:
నిమ్మళం గారూ, మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. మీలాంటివారిని పనికి లాగడం అన్యాయం. ఆ స్థితిలో సంఘమే మీ ఇంటికి వచ్చి అమ్మగారి దగ్గర ఒక పూట కూర్చోవాలి, మీరు నిద్రపోవాలి.

కాకపోతే పని అంటే నేను చెప్పేది కుర్చీల సంగతే కాదు. మా సంఘంలో మంచం దిగలేని ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె తలగడ పక్కన ఒక నోట్‌బుక్, అందులో పెద్ద పెద్ద అక్షరాలతో పేర్లు. రోజుకు కొందరి కోసం ప్రార్థన చేసి, వాళ్లలో ఒకరికి ఫోన్ చేస్తారు. "నీ కోసం ప్రార్థించాను నాన్నా, మోకాలి నొప్పి ఎలా ఉంది?" అంతే, రెండు నిమిషాలు. ఫోన్ వచ్చిన రోజు ఆ మనిషి ముఖం చూడాలి. బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమని పౌలు కొరింథీయులకు రాసిన మాట నాకు ఆవిడను చూశాకే అర్థమైంది. ఆమెను ఎవరైనా "పాపం" అంటే ఒప్పుకోను. మా సంఘంలో ఎవరి మీద ఎంత ఆధారపడ్డామో లెక్క చూస్తే ఆవిడదే ముందు పేరు.

వీల్‌చైర్‌ప్రయాణం:
పాతకాపు గారి మాటకు నాది కూడా కలపండి. నేను వెళ్లే చర్చిలో ర్యాంపు ఉంది, మనుషులు ఎంతో ప్రేమగా ఉంటారు. చాలాకాలం నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరూ "మీ కోసం ప్రార్థిస్తున్నాం బ్రదర్" అనేవారు. కృతజ్ఞుణ్ణే. కానీ నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఒకరోజు ఆరాధన నడిపించే అక్క వచ్చి, "వచ్చే వారం పాత నిబంధన పాఠం మీరు చదువుతారా? మైకు కిందికి దించి పెడతాను" అన్నారు. ఆ వారమంతా ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదువుకున్నానో. చదివాక జనం నాతో మాట్లాడే తీరే మారింది. పాఠం గురించి అడిగారు, నా కాళ్ల గురించి కాదు.

కుర్చీలు వేసేవాళ్లకు ఒక విన్నపం. వీల్‌చైర్‌కు చోటు వెనక మూలన వద్దు. మధ్య వరుసల్లో చివరి కుర్చీ ఒకటి తీసేసి ఖాళీ ఉంచండి, ఆ పక్క కుర్చీ కుటుంబంవాళ్లకు వదలండి. అప్పుడు మేమూ జనం మధ్యలో కూర్చుంటాం.

చివరివరుస:
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. నిమ్మళం గారూ, మీ మాట నాకు ఊరట. పాతకాపు గారూ, ఈ ఆదివారం అరగంట ముందు వెళ్తాను.

ఒక సందేహం, అడగడానికి మొహమాటంగా ఉంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చే ఆదివారం నేనేం చేయాలి? అందరూ లేచి వెళ్తుంటే ఒక్కదాన్నే కూర్చోవడం ఇబ్బందిగా ఉంటోంది. అందుకే ఆ రోజు వెళ్లడమే మానేస్తున్నాను.

సంఘపెద్ద:
మానవద్దమ్మా, దయచేసి మానవద్దు. ఆ రోజు కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు, బాప్తిస్మం అయినవాళ్లలో కూడా. ఎవరూ లెక్కపెట్టరు.

పద్ధతి మాత్రం సంఘాన్ని బట్టి మారుతుంది. కేథలిక్, ఆర్థడాక్స్ చర్చిల్లో మామూలుగా ఆ సంఘంలో చేరినవారికే ఇస్తారు. చాలా ప్రొటెస్టెంట్ సంఘాల్లో బాప్తిస్మం పొంది ఉంటే చాలు, ఏ సంఘం నుంచి వచ్చినా ఇస్తారు. కొన్నిచోట్ల నిర్ధారణ (బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) కూడా అయి ఉండాలి. ప్రభువును నమ్మేవారందరూ రావచ్చని పిలిచేవారూ ఉన్నారు. ఇంకొన్ని చోట్ల, తీసుకోనివారు చేతులు ఛాతీ మీద కట్టుకుని ముందుకు వస్తే దీవెన ప్రార్థన చేస్తారు. మీ పాస్టర్ గారిని నేరుగా అడగండి, ఆయనకు ఇలాంటి ప్రశ్న రావడం సంతోషమే. అప్పుడే బాప్తిస్మం క్లాసు సంగతి కూడా అడగండి. క్లాసులో కూర్చున్నంత మాత్రాన బాప్తిస్మానికి ఒప్పుకున్నట్టు కాదు. నేర్చుకుని, ఆలోచించుకుని చెప్పొచ్చు. త్వరపెట్టేవారు ఉంటే "నాకు టైం కావాలి" అనండి. మంచి కాపరి ఆ మాటను గౌరవిస్తాడు.

బడిపంతులమ్మ:
కొత్తగా వచ్చి పిల్లలంటే ఇష్టంతో సండే స్కూల్‌కి వస్తామనేవారికి ఒక మాట. "కొంతకాలం ఆగండి, ఫారం నింపండి, మీ గురించి చెప్పగలిగేవాళ్ల పేర్లు ఇవ్వండి" అంటే నొచ్చుకోకండి. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, గది తలుపు తెరిచి ఉండాలి లేదా లోపలికి కనిపించేలా అద్దం ఉండాలి, బిడ్డను ఎవరికి అప్పగించాలో రాసి ఉండాలి. ఈ నియమాలు పాస్టర్ గారి కుటుంబానికైనా ఒకటే. ఇవేమీ అడక్కుండా మొదటి వారమే క్లాసు అప్పగించే చర్చి ఉంటే నేనైతే భయపడతాను.

ఆగే కాలంలో కూడా చేయడానికి చాలా ఉంది. బొమ్మలు కత్తిరించడం, పాఠం సామాన్లు సర్దడం, టీచరు పక్కన కూర్చుని చూడడం. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి మొదలుపెట్టింది వారమంతా పనుల్లో ఉండే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి. ఆ ఒక్క రోజే వాళ్లకు ఖాళీ. ఇప్పటికీ నా క్లాసులో అక్షరాలు కూడబలుక్కునే బిడ్డ పక్కన ఓపిగ్గా కూర్చునే మనిషి ఒకరుంటే అంతకన్నా ఏమీ అడగను.

నైట్‌డ్యూటీ:
నాది ఆసుపత్రిలో షిఫ్టు ఉద్యోగం. చాలా ఆదివారాలు నిద్రలోనో డ్యూటీలోనో పోతాయి. మాలాంటివాళ్లకు సంఘ జీవితం ఉండదా?

చదువరి:
ఎందుకుండదు అన్నా. 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే విశ్వాసి రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు కూడికను వర్ణించాడు. లేఖనాలు చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. ఆ వెంటనే, రాలేకపోయినవారికి పరిచారకులు వాటిని తీసుకెళ్లి ఇచ్చేవారని రాశాడు. కానుకలతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకునేవారని కూడా. అంటే కూడికకు రానివాళ్లు మొదటి నుంచీ లెక్కలో ఉన్నారు. మీ పాస్టర్ గారికి మీ షిఫ్టుల సంగతి చెప్పండి.

వారం మధ్యలో జరిగే గృహ కూడిక కూడా చూడండి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలంలో, 1742లో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చడానికి తలా ఒక పెన్నీ వసూలు చేద్దామని సభ్యులను సుమారు పన్నెండుమంది చొప్పున విడదీశారు. వసూలుకు ఇళ్లకు తిరిగిన నాయకులకు అక్కడి కష్టాలు, తగాదాలు, విశ్వాసంలో జారిపోయినవాళ్లు కనిపించారు. పెన్నీల కోసం పెట్టుకున్న ఏర్పాటు మనుషులను చూసుకునే ఏర్పాటుగా మారింది. వందమందిలో మనం రాలేదని తెలియకపోవచ్చు, పన్నెండుమందిలో తెలిసిపోతుంది.

ఆల్టోగొంతు:
గృహ కూడికలు మంచివే, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ఒక కూడికలో ఇంటి బాధ ఒకటి చెప్పుకున్నాను. రెండు రోజుల్లో అది "ప్రార్థన మనవి" పేరుతో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. పెట్టినావిడ ప్రేమతోనే పెట్టింది. నేను మాత్రం చాలాకాలం నోరు విప్పలేదు. కాబట్టి మొదటి రోజే అడగండి, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందా అని. ఎవరి మనవినైనా బయటికి పంపేముందు వాళ్లను అడగడం, ఏ మాటలతో పంపాలో కూడా వాళ్లనే అడగడం. ఇప్పుడు మేము ఇలాగే చేస్తున్నాం, మళ్లీ మాట్లాడగలుగుతున్నాను.

సంఘపెద్ద:
మంచి మాట చెప్పావమ్మా. దీంతోపాటే, ఏ సంఘంలోనైనా లోతుగా దిగేముందు నేను చూడమనేవి ఇంకా ఉన్నాయి. లెక్కలు సభ్యుల ముందు చదువుతారా? పౌలు కానుకల సొమ్ము పంపేటప్పుడు నింద రాకూడదని వేరే సహోదరులను కూడా తోడు పంపాడు, రెండో కొరింథీ పత్రిక 8లో ఉంది. అంతటివాడే ఆ జాగ్రత్త తీసుకుంటే మనమెంత. సర్వసభ్య సమావేశం ఉంటే సభ్యత్వం లేకపోయినా వెనక కూర్చుని వినవచ్చేమో అడగండి. సంఘం ఏం ఆలోచిస్తోందో ప్రసంగంలో కన్నా అక్కడ బాగా తెలుస్తుంది. ప్రశ్న అడిగితే అవిశ్వాసం అంటున్నారా, పాత స్నేహితులనూ కుటుంబాన్నీ వదులుకోమంటున్నారా, అదీ చూడండి. అలా అంటే ఎంత ప్రేమగా పలకరించినా అక్కడ ఆగిపోండి.

పని ఒప్పుకునేటప్పుడు గడువు చెప్పి ఒప్పుకోండి. "మూడు నెలలు చేస్తాను, తర్వాత మాట్లాడుకుందాం" అంటే ఇద్దరికీ సుఖం. గడువు లేని పని ఉత్సాహవంతుల మీదే పడుతూ పోతుంది, చివరికి వాళ్లే చర్చి మానేస్తారు. ఇది నేను చాలామందిలో చూసి బాధపడ్డాను.

చివరివరుస:
కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ముందుగా వెళ్లడం మొదలుపెట్టాను. కుర్చీలతో మొదలై ఇప్పుడు తెర మీద పాటల మాటలు వేసే పనికి వచ్చాను, మూడు నెలలకని చెప్పాను. చూడ్డానికి చిన్న పనే. కానీ చరణం చివరి లైను పాడుతుండగానే తర్వాతి స్లయిడ్ రావాలి, అది ముగిశాక వేస్తే సంఘమంతా ఒక్క క్షణం తడబడుతుంది. పాడేవాళ్లు పల్లవి మళ్లీ ఎత్తుకుంటారా లేదా అన్నది లీడర్ చెయ్యి చూసి పట్టుకోవాలి. వెనక నుంచి అందరి గొంతులూ కలిసి వినబడతాయి, నాకు ఆ చోటు చాలా నచ్చింది.

బల్ల గురించి పాస్టర్ గారిని అడిగాను. బాప్తిస్మం అయ్యేవరకు కూర్చుని ప్రార్థించుకోమన్నారు, క్లాసులో చేరాను. పోయిన వారం జలుబు చేసి వెళ్లలేదు. సౌండ్ చూసే అన్నయ్య ఫోన్ చేసి, వాళ్లావిడకు ఇచ్చారు. మందులేమైనా కావాలా అని అడిగింది.

ఇప్పుడు ఇంకో కష్టం. పాటల లిస్టు శనివారం రాత్రి చాలా ఆలస్యంగా వస్తోంది, ఆదివారం పొద్దున మళ్లీ మారుతోంది. పోయిన నెల అందరిముందు "స్లయిడ్స్ సరిగా లేవు" అన్నారు లీడర్ గారు. మనసు చివుక్కుమంది. కొత్తదాన్ని, ఎలా చెప్పాలి? పాస్టర్ గారికి చెప్పనా?

పాతకాపు:
పాస్టర్ గారి దాకా ఇప్పుడే వద్దమ్మా. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస అదే కదా, ముందు నువ్వూ ఆ మనిషీ ఒంటరిగా. ఫోన్ మెసేజీలో అసలు వద్దు. ప్రాక్టీసుకు కాస్త ముందుగా వెళ్లి, నొచ్చుకున్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత నీకేం కావాలో చెప్పు, "శుక్రవారానికి లిస్టు ఇస్తే నేను తయారుగా ఉంటాను, ఆదివారం ఒక్క పాట మారినా పర్వాలేదు" అని. నొప్పి చెప్పకుండా లిస్టు సంగతి ఒక్కటే చెబితే అది లోపల ఉండిపోతుంది. ఆయన వినకపోతే అప్పుడు ఇంకొకరిని తోడు తీసుకెళ్లొచ్చు.

ఆల్టోగొంతు:
పాటల టీము వైపు నుంచి కూడా చెబుతాను అక్కా. ప్రసంగం అంశం మాకే ఆలస్యంగా వస్తుంటే లిస్టు మారుతుంది. మీ దగ్గరా అలాగేనేమో ఆయన్ను అడిగి చూడండి. కారణం అదైతే మీరిద్దరూ కలిసి పాస్టర్ గారిని అడగాల్సి ఉంటుంది.

చివరివరుస:
ఆ కోణం తట్టనే లేదు. ఈ శనివారం ప్రాక్టీసు ఆరింటికి. ఐదున్నరకే వెళ్లి ఆయనతో మాట్లాడతాను.